రెండో కొస

"సంతకం పెట్టనంటే పెట్టను. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు సామీ?"

శివకుమారి కాగితాన్ని పనిబల్ల మీంచి తోసేసింది. అది వెళ్ళి సిద్ధార్థ్ బూట్ల దగ్గర పడింది.

గల్ఫ్‌లో, ముఐథర్ అనే పేటలోని ఆ విల్లా వెనక, ప్రహరీకి ఆనించి వేసిన రేకుల షెడ్డు అది. శుక్రవారం పొద్దున తొమ్మిదికే రేకులు కాలడం మొదలైంది. బల్ల మీద నిన్నటి దసరా పూజ ఇంకా అలాగే ఉంది. రంపానికి బొట్టు, ఉలికి బొట్టు, చిత్రికకు బొట్టు, ఆఖరికి కారు జాకీకి కూడా బొట్టు. వాటి పక్కనున్న చెక్క టెన్నిస్ బ్యాటుకు మాత్రం బొట్టు చెదిరిపోయి, మెడ దగ్గర అరచెయ్యంత మేర ఎర్రగా పచ్చగా అలికినట్టు మరక మిగిలింది.

సిద్ధార్థ్ వంగి కాగితం తీసుకుని దుమ్ము దులిపాడు. కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. హైదరాబాద్‌లో చదువు, పక్కపేట ఐన్ ఖాలిద్‌లో కాపురం. ఇంటి యజమాని ఫహద్ సేకరించిన పాత టెన్నిస్ బ్యాట్లకు అతనే మేనేజరు. అమెరికాలో వేలంపాటల్లో వాటిని కొనిపెట్టేదీ, ఒక్కోదాని చరిత్రా రాసి అద్దాల బీరువాల్లో అమర్చేదీ అతనే.

"అక్కా, కాస్త కూల్‌గా వినండి. ఇది మామూలు బ్యాటు కాదు. నూట నలభై ఏళ్ళ నాటిది. అమెరికాకి టెన్నిస్ వచ్చిన కొత్తల్లో, బోస్టన్ పక్కన ఒక చిన్న కార్ఖానాలో చేశారు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి పది ఉంటే గొప్ప. దాని మీద మీరు కుంకుమ పూశారు."

"పూయలే. బొట్టు పెట్టినా."

"రెండూ ఒకటే కదా?"

"నీకు ఒకటేనేమో. మీ అమ్మ నీ కారుకు పెడితే కూడా పూసిందంటావా?"

సిద్ధార్థ్ నవ్వబోయి మానుకున్నాడు. "పిడి పగిలితే అతికించమని ఆదెప్పకి ఇచ్చాను. పూజ చేయమని ఇవ్వలేదు. ఫహద్ బాబాకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలా అప్‌సెట్ అయ్యారు. ఆదివారం అమెరికా నుంచి ఎక్స్‌పర్ట్ వస్తున్నాడు, ప్రతి బ్యాటునీ చేత్తో పట్టుకుని చూస్తాడు. ఇది ఎందుకు లేదని అడిగితే ఏదో ఒక కాగితం చూపించాలి కదా. 'నా అజాగ్రత్త వల్ల పాడైంది' అని ఒక్క సంతకం. తర్వాత ఓ రెండు నెలలు ఇంటికి వెళ్ళి రండి. లీవ్ అనుకోండి."

"ఇట్లాంటి కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి పోయినోళ్ళు మళ్ళ వచ్చినట్టు నేనైతే చూడలే."

"నేనున్నాను కదా అక్కా. మనం మనం తెలుగువాళ్ళం."

"పదకొండేండ్ల నుంచి ఈ ఇంట్లో పని చేస్తాండా. ఒక్క చాయ్ గ్లాసు పగలగొట్టలే. ఈ పొద్దు అజాగ్రత్త అని రాసిస్తే, ఆ పదకొండేండ్లూ ఏమైనట్టు?"

సిద్ధార్థ్ ఆమెను వదిలేసి, షెడ్డు గుమ్మంలో నిలబడిన ఆమె భర్త వైపు తిరిగాడు. "ఆదెప్పా, నువ్వు చెప్పు. నమాజ్ అయ్యాక బాబా మజ్లిస్‌లో కూర్చుంటారు. ఆ టైముకి కాగితం నా చేతిలో ఉండాలి."

ఆదెప్ప తల ఊపాడు. అవునన్నాడో సరేనన్నాడో తెలియలేదు. సిద్ధార్థ్ బల్ల మీద కాగితం పెట్టి, దాని మీద పెన్ను పెట్టి, ఎండలోకి వెళ్ళిపోయాడు.

శివకుమారి పెన్ను తీసి మేకుల డబ్బాలో పడేసింది.

"ఏమప్పా, నోరు రాలేదా నీకు?"

ఆదెప్ప గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు.

"అంతసేపు నన్ను కడుగుతా ఉంటే, ఆ గుమ్మం పడిపోతాదన్నట్టు పట్టుకోని నిలబడినావు!"

"పెట్టేసెయ్ కుమారీ."

"ఏంది?"

"సంతకం. రెండు నెల్లే కదా."

ఆమె భర్త ముఖంలోకి చూసింది. తర్వాత బల్ల కింద పడున్న తడిగుడ్డ తీసి అతని ముందు విప్పింది. పొద్దున సిద్ధార్థ్ కేకలకు కంగారుపడి మరకను తుడవబోయిన గుడ్డ అది. కుంకుమ ఎరుపు ఒక మూలకే ఉంది. మిగతా అంతా చిక్కటి గోధుమ రంగు.

"ఇది చూసినావా? నూటనలభై ఏండ్ల కొయ్య నీళ్ళగుడ్డకు రంగు విడుస్తాదా? మా నాయన సంతలో పాత కొయ్య కొనేటప్పుడు ఫస్టు చేసే పనే ఇది. తడి బట్టతో రుద్ది, రంగు దిగితే పారేసి వచ్చేవాడు. పాత కొయ్యకు రంగు లోపల్నించి వస్తాది. ఇది పైపైన పూసింది."

ఆదెప్ప గుడ్డ వైపు చూడలేదు.

"వాసన చూడు. సులైమానీ చాయ్. పోయిన చలికాలంలో నువ్వు ఈ షెడ్డులోనే కాచినావే, పాలు లేని చాయ్ దేగిసా నిండా!"

షెడ్డు పక్కన ఏసీ మిషన్ రొద పెడుతోంది. అది విల్లా వాళ్ళ ఏసీ. దాని వేడిగాలి మాత్రం వీళ్ళ వైపు వస్తుంది.

పోయిన జనవరిలో సిద్ధార్థ్ ఒక బ్యాటు తెచ్చి, అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసిపెట్టమన్నాడు. చూడటానికొచ్చే పిల్లలు అసలుదాన్ని ముట్టుకోకూడదు కాబట్టి, వాళ్ళ చేతికివ్వడానికి నకలు కావాలన్నాడు. బద్ద వంచేటప్పుడు శివకుమారే సాయం పట్టింది. ఆదెప్ప ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. సంతోషంతో. వీసా మీద హౌస్ డ్రైవర్ అని రాసి ఉన్న మనిషిని, చేతిలోని వడ్రంగం పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఆ ఇంట్లో అదే మొదలు.

"అది పిల్లల టేబుల్ మీద ఉండాదనుకున్నా నేను," అంది శివకుమారి. "ఇది అదేనా, కాదా?"

"అదే."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడు వారాలయింది. పిడి అతికించమని ఇచ్చినాడు. అసలుదాని నంబరు చీటీ కట్టి ఇచ్చినాడు. చేతిలోకి తీసుకుంటానే తెలిసిపోయింది. నేను చెక్కిన పిడి నాకు తెలీదా?"

"అసలుది యాడ ఉండాది?"

"నాకేం తెలుసు? అడిగినా. 'చేసింది నువ్వు, ఎవరికి చెప్తావు?' అన్నాడు. 'బాబా ముందర నీ మాట నమ్ముతారా, నా మాట నమ్ముతారా?' అన్నాడు."

"మూడు వారాలు నా పక్కన పడుకోని, నాతో కూడు తిని, గమ్మునున్నావు."

"ఏం చెప్పల్ల నీకు? చెప్తే ఊరుకుంటావా నువ్వు? ఇట్లనే మీదికి వస్తావు."

"పొద్దున వాడు నన్ను కడిగేటప్పుడన్నా చెప్పల్ల కదా!"

ఆదెప్ప మొదటిసారి గొంతు పెంచాడు. "నేను చెప్తే ఏమైతాది? నకిలీ చేసినోడు నేనే అని నన్ను పోలీసు కాడికి పంపిస్తారు. నా వీసా పోతే నీ వీసా కూడా పోతాది. మన బిడ్డ తన్మయి నర్సింగు చదువు ఇంకా రెండేండ్లుండాది. నువ్వు సంతకం పెడితే నువ్వొక్కదానివే పోతావు. నేను ఇక్కడ ఉంటా, ఫీజు కడతా. అంతే లెక్క."

"అంతే లెక్క," అందామె నెమ్మదిగా. "అంటే ఇద్దరిలో ఒకరు పోవల్ల. నేనైతే తేలిగ్గా పోతా."

"అట్ల అన్లే నేను."

"అన్నావు. బాగా ఆలోచన చేసే అన్నావు. మూడు వారాలు ఆలోచన చేసినావు కదా."

ఆదెప్ప స్టూలు మీద కూర్చుని మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకున్నాడు. అతని వేళ్ళు పెద్దవి. స్టీరింగ్ పట్టినా ఉలి పట్టినా తడబడవు. ఇప్పుడు ఒక చెక్కపొట్టును తుంచుతూ ఉన్నాయి.

శివకుమారికి జాలి వేయబోయింది. వేయనివ్వలేదు. బ్యాటు తీసి, తడిగుడ్డతో సహా కొంగులో చుట్టుకుంది.

"యాడికి?"

"నాకు మాట చెప్పిపెట్టే మనిషి కావల్ల."

నమాజ్ అయిపోయే వేళకు వంటింట్లో హుస్సేన్‌బీ మచ్బూస్ అన్నం దేగిసా మూత తీసి, ఆవిరి ముఖానికి తగలకుండా పక్కకు వంగింది. రాయచోటి మనిషి. పదహారేళ్ళుగా ఆ వంటింటికి ఆమెదే పెత్తనం. ఆ ఇంటివాళ్ళకంటే వేగంగా అరబ్బీ మాట్లాడుతుంది, ఆ ఇంటివాళ్ళతోనే పోట్లాడుతుంది కూడా.

"మజ్లిస్‌కా? నేనా? ఇప్పుడా?" అంది గరిటె పట్టుకునే. "మగోళ్ళు కూర్చునే చోట నాకేం పని తల్లీ? అన్నం మాడితే నువ్వు తింటావా?"

"నా అరబ్బీ ఉల్లిగడ్డలకు, ఇస్త్రీకి సరిపోతాది. ఈ మాటకు సరిపోదు. సిద్ధార్థ్ చెప్తే వానికి కావలసింది చెప్తాడు. నువ్వు నేను చెప్పింది చెప్తావు."

"ఏం చెప్తావు నువ్వు?"

శివకుమారి చెప్పింది. వింటున్నంతసేపూ హుస్సేన్‌బీ గరిటె కదపలేదు.

"సంతకం పెట్టెయ్ శివమ్మా," అంది చివరికి.

"నువ్వు కూడానా!"

"నేను కూడానే. పెద్దోళ్ళ బ్యాట్లు, పెద్దోళ్ళ కొట్లాట. మధ్యలో మనమెందుకు దూరేది? ఊరికి పో. రెండు నెల్లు కాళ్ళు చాపుకోని పండుకో. నాకు ఎవురైనా టికెట్ ఇచ్చి పొమ్మంటే, చెప్పులు కూడా వేసుకోకుండా పోతా."

"పోవు."

"అవ్, పోను. నా మొగుడు అక్కడ ఉండాడు కదా." హుస్సేన్‌బీ నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. "నా మాట విను బేటీ. ఒక్క దారం లాగితే మొత్తం అల్లిక ఊడి వస్తాది."

"ఊడనీ. నువ్వు వస్తావా, నేనే పోయి నాకొచ్చిన అరబ్బీలో అరవల్లనా?"

"నీ అరబ్బీకి బాబా నవ్వి చస్తాడు." హుస్సేన్‌బీ స్టవ్వు తగ్గించి, తల మీద ముసుగు సర్దుకుంది. "పద. నా పీకల మీదికి తెస్తాండావు, పద."

మజ్లిస్‌లో ఊదు పొగ పలచగా తిరుగుతోంది. ఫహద్ ఇంకా నమాజ్ నుంచి వచ్చిన బట్టల్లోనే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చదువుకునే రోజుల్లో అమెరికాలో ఒక పాత సామాన్ల కొట్లో కొన్న బ్యాటుతో మొదలైందట ఆ పిచ్చి. ఇప్పుడు ఇంట్లో ఒక గది మొత్తం బ్యాట్లే. ఆయన కారు వెనక సీట్లో కూర్చుని ఆదెప్పకు వాటి కథలు చెబుతుంటాడు.

పక్కన సిద్ధార్థ్ నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర, చెప్పులు విప్పిన చోటే ఆగిపోయి, ఆదెప్ప.

శివకుమారిని చూడగానే సిద్ధార్థ్ ముందుకొచ్చాడు. "సంతకం చేశారా అక్కా? ఇలా ఇవ్వండి, సార్‌కి నేను చెప్తాను."

"నువ్వేం చెప్పొద్దు. హుస్సేన్‌బీ చెప్తాది."

"అక్కా, ఇది పద్ధతి కాదు."

"పొద్దున నువ్వు తెచ్చిన కాగితం పద్ధతేనా?"

ఫహద్ చెయ్యి ఎత్తాడు. అంతటితో సిద్ధార్థ్ ఆగాడు. ఫహద్ హుస్సేన్‌బీని చూసి ఏదో అన్నాడు.

"ఆ ఎర్ర రంగు ఏందని అడుగుతాడు బాబా," అంది హుస్సేన్‌బీ.

"చెప్పు. మాకు నిన్న పండగ. మాకు కూడు పెట్టే పనిముట్టుకు ఆ పొద్దు బొట్టు పెట్టి దండం పెట్టుకుంటాము. ఇది పనిబల్ల మీద, పనిముట్ల మధ్యన ఉండె. దీనికీ పెట్టినా. తప్పనుకోను. కానీ అది ఆయన వస్తువు. తనను అడగల్ల కదా అనుకుంటే, దానికి మాత్రం మాఫీ చెయ్యమను."

హుస్సేన్‌బీ అరబ్బీలో చెప్పింది. ఆమె చెప్పింది శివకుమారి చెప్పినదాంట్లో సగం పొడుగు కూడా లేదు.

"అంతేనా?"

"దండం మాట దాటేసినా. పనిముట్లకు మర్యాద చేస్తారని చెప్పినా. చాల్లే."

ఫహద్ ముఖంలో కోపం కనబడలేదు. బాధ కనబడింది. కోపమైతే శివకుమారికి ఎదురు నిలబడటం తేలిక.

ఆమె కొంగు విప్పింది. బ్యాటును బల్ల మీద పెట్టి, తడిగుడ్డ శుభ్రంగా ఉన్న వైపు మడిచి, మరక లేని చోట, చట్రం పైభాగాన గట్టిగా రుద్దింది.

"ఏం చేస్తున్నారు!" సిద్ధార్థ్ అరిచాడు.

గుడ్డ ఎత్తి చూపించింది. గోధుమ రంగు. చట్రం మీద రుద్దిన చోట తెల్లటి కొయ్య, నిన్న మొన్న చిత్రిక పట్టినంత తెల్లగా బయటపడింది.

సిద్ధార్థ్ గబగబా ఇంగ్లీషు అందుకున్నాడు. పాత వార్నిష్ అనీ, నీళ్ళు తగిలితే కరుగుతుందనీ అంటున్నట్టు ఆమెకు అర్థమైంది.

"వార్నిష్ అయితే చాయ్ వాసన యాల వస్తాదో చెప్పమను."

హుస్సేన్‌బీ తటపటాయించి ఆ మాట తిప్పి చెప్పింది. ఫహద్ గుడ్డ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత బ్యాటు ఎత్తి, కిటికీ వెలుగులో తిప్పి, తెల్లబడిన చోట బొటనవేలుతో రాశాడు.

"దీన్ని ఇక్కడే చేసినారు," అంది శివకుమారి. "నీ ఇంట్లో, నీ షెడ్డులో. అమెరికాలో కాదు."

హుస్సేన్‌బీ చెప్పింది. ఫహద్ తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. ఈసారి తిప్పి చెప్పే మనిషి అవసరం లేకుండా, ఆదెప్పను నేరుగా, డ్రైవర్‌తో మాట్లాడే సాదా అరబ్బీలో అడిగాడు. నువ్వు చేశావా?

ఆదెప్ప ముందు సిద్ధార్థ్‌ను చూశాడు. తర్వాత నేలను చూశాడు.

"లా," అన్నాడు. లేదు.

ఆ చిన్న మాట ఆ పెద్ద గదిలో ఎక్కడా ఆగలేదు. సిద్ధార్థ్ జేబులోంచి ఇంకో పెన్ను తీశాడు.

"అక్కా, అయిపోయింది కదా. ఇక పెట్టండి."

ఇరవై రెండేళ్ళ కాపురం. మేనత్త కొడుకు. తన నాయన దగ్గరే ఉలి పట్టడం నేర్చినవాడు. ఆమె అతని వైపు ఒక్కసారే చూసింది. అతను తలెత్తలేదు.

"సరే," అంది. "ఆయన చేయలేదంట. అయితే నేను చేసినా."

"మీరా?" సిద్ధార్థ్ ఈసారి నిజంగానే నవ్వాడు.

"నేనే. చెప్పు హుస్సేన్‌బీ. ఎట్ల చేసినానో కూడా చెప్తా, ఒక్కొక్క మాట తిప్పు. సనయ్యా కొట్లలో తలుపుల కోసం అమ్మే అమెరికా యాష్ కొయ్య. పోగు నిట్టనిలువుగా పోయిన బద్ద ఏరుకోవల్ల, ఎక్కడన్నా అడ్డం తిరిగితే విరుగుతాది. నిలువెత్తు బద్ద ఒకటే, రెండు ముక్కలు అతికించింది కాదు. గంటకు తక్కువ కాకుండా ఆవిరి పట్టల్ల. అచ్చు చుట్టూ ఒక్క ఊపులో వంచల్ల. రెండు కొసలు కిందికి వచ్చి పిడి అయితాయి. మెడ కాడ ఖాళీలో ఇంకో రకం కొయ్య చీలిక కొట్టి జిగురు పెట్టల్ల. పిడికి తోలు చుట్టకూడదు. పట్టు జారకుండా సన్నగా గాట్లు పెట్టల్ల, అంతే. ఆ కాలంలో అమెరికా వడ్రంగులు అట్లనే చేసేవాళ్ళంట. బాబానే కారులో చెప్పినాడంట."

హుస్సేన్‌బీ తిప్పి చెబుతుంటే ఫహద్ మధ్యలోనే బ్యాటు మెడను, పిడి గాట్లను వేలితో తడుముతూ వచ్చాడు. చివరి మాటకు ఆయన చెయ్యి ఆగింది.

ఏదో అన్నాడు. హుస్సేన్‌బీ ముఖం పాలిపోయింది.

"ఏమన్నాడు?"

"అయితే చెయ్యమంటాడు. తన కళ్ళ ముందర."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"చేస్తా," అంది శివకుమారి.

సిద్ధార్థ్ ఫోన్ మోగకపోయినా చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. కాసేపటికి గేటు దగ్గర కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

షెడ్డులో దేగిసా నిండా నీళ్ళు మరిగాయి. మూతకు చుట్టూ పిండి పూసి, పైపు బిగించి, షెడ్డులో మిగిలి ఉన్న యాష్ బద్దను పైపులోకి తోసింది శివకుమారి. గంటంపావు. ఫహద్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, తెల్లటి తోబు అంగీకి చెమట పట్టినా లేవలేదు. హుస్సేన్‌బీ వంటింటికి రెండుసార్లు వెళ్ళొచ్చింది. ఆదెప్ప గుమ్మం బయట ఎండలోనే నిలబడ్డాడు.

బల్ల కింద గోనెసంచుల వెనక నుంచి అచ్చును బయటికి లాగింది. బ్యాటు తలకాయ ఆకారంలో చెక్కిన దిమ్మ. దాన్ని బల్లకు బిగిస్తూ చూస్తే, దాని అంచుల నిండా ఇనప బిగింపులు నొక్కుకున్న గుంటలు. ఒక వరస మీద ఇంకో వరస. ఇన్ని ఎందుకున్నాయో ఆలోచించే వ్యవధి లేదు. పైపులోంచి ఆవిరి ఆగకుండా తన్నుకొస్తోంది.

చేతి తొడుగులు వేసుకుని బద్ద లాగింది. తడిసి, వేడెక్కి, పాములా ఊగుతూ వచ్చింది. ఒక కొసను అచ్చుకు ఆనించి పట్టుకుంది. రెండో కొస గాలిలో ఉంది.

ఫహద్ లేచి నిలబడ్డాడు.

ఆమె ఒంటి చేత్తో లాగి చూసింది. బద్ద పావు వంతు వంగి, చిటచిటమంది. ఇంకాస్త లాగితే పోగు లేచిపోతుంది. కొయ్య వేడి అరనిమిషం కంటే ఆగదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. గుమ్మం బయట నిలబడినవాడికి ఇంకా బాగా తెలుసు.

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు. బతిమాలలేదు.

"ఇది ఒక్కరు వంచేది కాదు," అంది గట్టిగా, ఎవరితోనూ కాకుండా. "చల్లారిపోతాంది. పట్టేవాళ్ళుంటే పట్టండి. లేకపోతే విరగనీ. విరిగినా సంతకం మాత్రం పెట్టను."

హుస్సేన్‌బీ తిప్పి చెప్పడం మొదలుపెట్టేలోపే ఆదెప్ప లోపలికి వచ్చాడు.

తొడుగులు లేవు. ఉత్త చేతులతో రెండో కొస పట్టుకున్నాడు. పళ్ళు బిగించి, "ఊఁ," అన్నాడు. ఇద్దరూ ఒకేసారి బరువు వేశారు. బద్ద అచ్చు చుట్టూ తిరిగి, రెండు కొసలూ ఎదురెదురుగా కలుసుకున్నాయి. అతను ఎడమ చేత్తో నొక్కిపట్టి, కుడి చేత్తో బిగింపులు ఒకటొకటిగా తిప్పాడు. చూడకుండానే ఏది ఎక్కడుందో చేతికి అందుతోంది.

ఎవరు చేశారో ఇక ఎవరూ అడగక్కరలేదు.

శివకుమారి తొడుగులు తీసి బల్ల మీద కొట్టింది. అతని అరచేతులు ఎర్రగా పొంగుతున్నాయి. చూసింది. అనాల్సింది ఇంకా చాలా ఉంది, దానికి ఈ షెడ్డు చాలదు.

ఫహద్ దగ్గరకొచ్చాడు. వంగిన కొయ్యను కాదు, అచ్చు అంచుల మీది గుంటలను చూశాడు. వాటి మీద వేలు నడిపిస్తూ ఆదెప్పను ఒక్క మాట అడిగాడు.

"కమ్?"

ఎన్ని. ఆ మాట శివకుమారికి తెలుసు. రోజూ రొట్టెలకు వాడే మాట. ఒక్కటే, అని తానే చెప్పబోయింది.

"సిత్తా," అన్నాడు ఆదెప్ప.

ఆరు.

ఆమె విన్నది నమ్మలేక భర్త వైపు తిరిగింది. "ఆరా? నేను పట్టుకున్నది ఒక్కదానికే కదా! నేను ఏప్రిల్‌లో ఊరికి పోయినప్పుడు చేసినావా తక్కినవి?"

ఆదెప్ప ఒక్క క్షణం హుస్సేన్‌బీ వైపు చూసి, వెంటనే బిగింపుల మీదికి వంగాడు.

"ఒక్కనివి వంచలేవు నువ్వు. ఇప్పుడే చూసినాము కదా అందరం. ఆ ఐదింటికీ రెండో కొస పట్టింది ఎవరప్పా?"

ఫహద్‌కు తెలుగు రాదు. భార్యాభర్తలిద్దరినీ మార్చి మార్చి చూసి, ఈమె ఏమంటోందని అరబ్బీలో హుస్సేన్‌బీని అడిగాడు.

మధ్యాహ్నం నుంచి ప్రతి మాటనూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పి చెబుతూ వచ్చిన హుస్సేన్‌బీ, ఆ ఒక్క మాటను తిప్పలేదు.